ఎడమచేతి గ్లౌజు

ఆ ఫుట్‌బాల్ సీజన్‌లో మా ఇంట్లో ముగ్గురం కలిసి కుదురుగా కూర్చుని భోంచేసిన పూట ఒక్కటీ గుర్తు లేదు. దానికంతటికీ కారణం నా కళ్ళే.

వాన జోరుగా పడుతోంది. కొట్టు గుమ్మంలో స్టూలు వేసుకుని ఎవరిదో ప్రయాణపు సంచికి జిప్పు ఎక్కిస్తున్నాను. ఎదురుగా సిగ్నల్ దగ్గర సిటీ బస్సు వచ్చి ఆగింది. ఊరికే తలెత్తి చూశాను. డ్రైవరు ముందున్న అద్దానికి ఒక మూల ఏదో వేలాడుతోంది. నీలం గుడ్డ, అరచేతి వైపు తోలు, బొటనవేలి మొదట్లో నోరు తెరుచుకున్న చిరుగు. ఊగి ఇటు తిరిగినప్పుడు చేతి వెనక వాలుగా నల్లటి గీతలు.

ఆ చిరుగు నాకు తెలుసు. మా ఊళ్ళో తెలియనిదెవరికి?

"నాన్నా! గోడ గ్లౌజు!" అని ఒక్క కేక పెట్టాను. చేతిలో సంచి ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

గోడ అంటే మా ఊరి ఆడవాళ్ళ జట్టు గోల్ కీపర్. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. కొన్నేళ్ళ కిందట ఫైనల్లో ఆఖరి పెనాల్టీ ఆపినప్పుడు ఆవిడ ఎడమచేతి గ్లౌజు చిరిగిపోయింది. ఆ సంబరంలో పక్కనున్న విలేకరి జేబులోంచి పెన్ను లాక్కుని, చిరిగిన గ్లౌజు మీద సంతకం గీకి, జనంలోకి విసిరేసింది. గాల్లో ఎగురుతున్న ఆ గ్లౌజు ఫొటో చిరుగుతో సహా మర్నాడు పేపర్లన్నిటిలోనూ వచ్చింది. అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ ఆవిడ ఎవరికీ సంతకం పెట్టలేదు. అడిగినవాళ్ళకి, "నేను బంతి పట్టుకుంటాను, పెన్ను పట్టుకోను" అని చెప్పి చక్కా పోతుంది. అంచేత ప్రపంచం మొత్తం మీద ఆవిడ సంతకం ఉన్న వస్తువు అదొక్కటే. అది ఎవరి చేతిలో పడిందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక మా నాన్న సంగతి. సంచులు, పెట్టెలు, తోలు సామాను బాగుచెయ్యడం ఆయన వృత్తి. పేరున్నవాళ్ళు వాడి సంతకం పెట్టిన వస్తువులు పోగుచెయ్యడం ఆయన పిచ్చి. ఒక గాయకుడి టోపీ, ఒక నటి గొడుగు, ఒక పరుగుపందెగాడి ఒంటి బూటు, ఇలా మా ముందుగది నిండిపోయింది. చుట్టాలొస్తే కూర్చోవడానికి చోటుండదు గానీ గాయకుడి టోపీకి మాత్రం సొంత కుర్చీ ఉంది.

నా కేక విని నాన్న దబ్బనం తోలులోనే వదిలేసి లేచాడు. స్కూటరు తీశాడు. నేను వెనక ఎక్కేలోపే పచ్చలైటు పడింది, బస్సు కదిలింది.

"ఈ వానలో ఎక్కడికండీ? గొడుగైనా తీసుకెళ్ళండి!" అని అమ్మ లోపల్నుంచి అరుస్తూనే ఉంది. వినేదెవరు?

మా స్కూటరు గురించి చెబితే నవ్వుతారు. కాస్త ఎత్తు వస్తే చాలు, వెనక కూర్చున్నవాళ్ళు దిగి నెట్టాలి. ఆ రోజు మాత్రం దానికీ హుషారొచ్చింది. స్టాపు స్టాపుకీ మేం అందుకోబోవడం, బస్సు మా మొహాన పొగ కొట్టి పోవడం.

"హారన్ కొట్టు నాన్నా!"

"అది పనిచెయ్యదే! నువ్వే కేకలెయ్యి!"

వేశాను. "డ్రైవర్ గారూ! ఆపండీ!" అని వీధి వీధంతా తలతిప్పి చూసేలా వేశాను. పక్కనుంచి సైకిల్ మీద పోతున్న పెద్దాయన కంగారుపడిపోయి, "ఏమైందమ్మా, బస్సులో పిల్లలెవరైనా ఉండిపోయారా?" అని అడిగాడు. "కాదండీ, గ్లౌజు!" అన్నాను. ఆయన మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

చివరికి బస్సు ఆఖరి స్టాపులో దొరికింది. డ్రైవరు లావుపాటి మనిషి. టీ గ్లాసు పట్టుకుని తన సీట్లోనే ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. మేమిద్దరం తడిసి ముద్దయి, గ్లౌజు వంకే గుడ్లప్పగించి చూస్తున్నాం.

"ఇది అమ్మేది కాదండీ," అన్నాడు డ్రైవరు. "ఆ రోజు మ్యాచికి పోతే నా ఒళ్ళో వచ్చి పడింది. ఇన్నాళ్ళూ గనుల వైపు రూట్లో తిరిగాను. అక్కడ ఎవరికీ బంతాట పట్టదు, మొన్ననే ఇటు మార్చారు. ఇది తగిలించాక నా బండికి గీత పడలేదు. నేనెందుకిస్తాను?"

నాన్న బతిమాలాడు. టోపీ ఇస్తానన్నాడు, గొడుగు ఇస్తానన్నాడు. డ్రైవరు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మధ్యలో నడుం పట్టుకుని అటు ఒరిగాడు, ఇటు ఒరిగాడు. అప్పుడు నాన్న చూపు గ్లౌజు మీంచి దిగి సీటు మీద పడింది. రెగ్జిన్ చిరిగి, లోపలి స్పాంజి నలిగి, ఒక ఇనుప చువ్వ బయటికొచ్చి ఉంది.

"దీనిమీద కూర్చునా మీరు రోజంతా బండి నడిపేది?" అన్నాడు నాన్న. గ్లౌజు సంగతి మరిచిపోయినట్టే ఉంది ఆ గొంతు.

"ఎవరికి చెప్పుకోవాలండీ? చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఇంటికెళ్ళి బోర్లా పడుకుంటున్నాను."

"నేను చేస్తాను. మంచి తోలుతో, కింద కొత్త స్పాంజి వేసి, మీ నడుముకి కొలత తీసి మరీ చేస్తాను."

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. ఆ ఆదివారం బస్సుషెడ్డులో నాన్న సీటు విప్పడం, నేను దారానికి మైనం పట్టించి అందించడం. పొద్దు వాలేసరికి సీటు తయారైంది. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చెయ్యి చాపి, అద్దం మూలనున్న గ్లౌజు విప్పి నాన్న చేతిలో పెట్టాడు.

"తీసుకోండి. అదృష్టం సంగతి ఆ పైవాడికే తెలియాలి. నడుం మాత్రం నాది," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నాన్న పాట పాడాడు. ఆయన పాడగా నేను విన్నది అదే మొదలు. గొంతు గురించి అడక్కండి.

నాన్నకి ఎందుకంత ఆనందమో చెప్పాలి. మా ఊళ్ళో ఇలా సంతకాల వస్తువులు సేకరించేవాళ్ళకి ఒక సంఘం ఉంది. అందులో నాన్నది వెనక వరస. వాళ్ళ పెట్టెల తాళాలు పాడైనప్పుడు మాత్రం ముందు వరస. ఆ ఏడు స్టేడియం ముందు కొత్త హాలు కట్టి, మధ్యలో ఒక అద్దాల బీరువా పెట్టారు. అందులో ఒకే ఒక్క వస్తువు ఉంటుంది, కింద ఇచ్చినవాళ్ళ పేరు ఉంటుంది. ఏది పెట్టాలో ఫైనల్ లోపు సంఘమే తేల్చాలి. ఆ పేరు తనది కావాలని నాన్న ఎంత ఆశపడ్డాడో నాకు తెలుసు. బయటికి చెప్పేవాడు కాదు గానీ, ఆ హాలు కడుతున్నన్నాళ్ళూ మాకు ఏ పనున్నా లేకపోయినా స్కూటరు అటువైపే పోయేది.

మర్నాడు గ్లౌజు తీసుకుని కొట్లోకి వచ్చాడు. బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడే ప్రెసిడెంటు గారిని తీసుకొస్తాను" అంటూ వెనక్కి తిరిగి ఒకటే పరుగు. నేను బాగైన సంచులు ఇచ్చి రావడానికి ఇంకోవైపు వెళ్ళాను.

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. ఎడమ బల్ల మీదుంటే చిరిగింది, కుడి బల్ల మీదుంటే కుట్టింది. వచ్చిన వస్తువు ఎడమ బల్ల మీద పెడితే చాలు, చెప్పనక్కర్లేదు, అది కుడి బల్లకి చేరిపోతుంది. తోలు అయితే నాన్న, జిప్పు అయితే నేను, గుడ్డ అయితే అమ్మ. అమ్మ కుట్టదు, అల్లుతుంది. చిరిగినచోట పోగు పోగు కలిపి, అక్కడ ఎప్పుడూ చిరగనట్టే చేస్తుంది. ఖరీదైన కోట్లకి సిగరెట్టు కాలిన కన్నాలు పడితే ఊరవతల నుంచి కూడా మా అమ్మ దగ్గరికే వస్తారు.

సంఘం ప్రెసిడెంటుది కళ్ళజోళ్ళ కొట్టు. ఎవరికో కళ్ళు పరీక్ష చేస్తున్నాడట. అది అయ్యేదాకా నాన్న అక్కడే కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఇద్దరూ మా కొట్టుకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నేనూ అప్పుడే వచ్చాను.

"ఏమే, గ్లౌజేది?" అన్నాడు నాన్న.

"అదుగోండి," అంది అమ్మ. మొహం వెలిగిపోతోంది.

అమ్మ చూపించింది కుడి బల్ల.

కళ్ళజోళ్ళాయన జేబులోంచి పాత పేపరు ఫొటో తీశాడు, భూతద్దం తీశాడు. గ్లౌజుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "చిరుగేదయ్యా?" అన్నాడు.

"కుట్టేశాను కదండీ," అంది అమ్మ. "ఆ గ్లౌజు లోపలి మడతలోంచే పోగులు తీసి అల్లాను. బయటి దారం అయితే రంగు తేడా వచ్చేస్తుంది. పూట పట్టింది."

"కుట్టు కూడా కనిపించడం లేదే!"

"కనిపిస్తే అదేం కుట్టండీ?"

కళ్ళజోళ్ళాయన భూతద్దం దించాడు. "అమ్మా, ఫొటోలో చిరుగుంది. దీనికి చిరుగూ లేదు, కుట్టూ లేదు. నేను సంఘంలో ఏమని చూపించను? ఇలాంటి నీలం గ్లౌజు మా మేనల్లుడికీ ఉంది. వాడూ దానిమీద ఏదో గీక్కున్నాడు."

"సంతకం చూడండి సార్!" అన్నాను నేను ఉండబట్టలేక.

"దేనితో పోల్చి చూడమంటావమ్మా? ఫొటోలో పడింది అరచేతి వైపే. ఆవిడది ఇంకో సంతకం ఎక్కడుంది?" అన్నాడు. అదీ నిజమే. "ఆ గోల్ కీపరమ్మే వచ్చి ఇది నాదని చెబితే సరే. లేకపోతే బీరువాలోకి ఎక్కదు." ఫొటో మడత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. "ఎంత పని చేశావే!" అన్నాడు.

"ఎడమ బల్ల మీద పెట్టారు కదండీ మరి," అంది అమ్మ. "అద్దాల బీరువాలో చిరుగుతో పెడితే నలుగురూ నవ్వరూ? బట్ట బాగుచేసుకునే దిక్కు కూడా లేదా వీళ్ళింట్లో అనుకోరూ? మీరు అంత మురిసిపోతున్నారని ప్రాణం పెట్టి చేశాను."

తప్పు ఎవరిదని చెప్పను? ఆ బల్ల మీద పెట్టింది నాన్న. అన్నేళ్ళుగా ఆ బల్ల మీదున్నది ఏదీ వదలకుండా బాగుచేసింది అమ్మ. నాకు ఇద్దరిమీదా కోపం వచ్చింది, ఇద్దర్నీ చూస్తే ఏడుపూ వచ్చింది.

ఆ తర్వాత నాన్న ముందుగదిలోకే పోవడం మానేశాడు. అమ్మ వండినవి వండినట్టే ఉండిపోతున్నాయి. ఒక సాయంత్రం అమ్మ చిన్న కత్తెర తీసుకుని వచ్చి నాన్న ఎదురుగా నిలబడింది.

"ఇటివ్వండి. విప్పేస్తాను. మళ్ళీ చిరుగు వచ్చేస్తుంది. ఆయన్ని పిలిచి చూపించుకుందురు గాని."

నాన్న గ్లౌజు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. వేలితో లాగి చూశాడు. లోపలికి తిరగేసి చూశాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చిరుగులే చూసిన మనిషి. చాలాసేపు వెతికాడు.

"వద్దులే," అన్నాడు చివరికి. "ఇంత పనిని విప్పమనడానికి నాకు నోరు రావడం లేదు. కత్తెర లోపల పెట్టెయ్."

అమ్మ అక్కడే నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనిక ఆగలేకపోయాను. ఆ గోల్ కీపరమ్మే వచ్చి చెబితే సరేనన్నాడు కదా కళ్ళజోళ్ళాయన, చెప్పిస్తాను, ఎందుకు చెప్పించను అనుకున్నాను.

జట్టు సామాను సంచులన్నీ మా కొట్టుకే వస్తాయి. వాటిని మోసుకొచ్చే ఆయన్ని నేను మామయ్యా అని పిలుస్తాను. ఈసారి బాగైన సంచులు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, "నేనూ వస్తాను మామయ్యా, బరువెక్కువగా ఉంది" అని సగం సంచులు నా భుజానికి తగిలించుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీ వాలకం చూస్తే సంచుల కోసం వస్తున్నట్టు లేదే," అని నవ్వి తీసుకెళ్ళాడు.

మైదానంలో సాధన అయిపోయింది. గోడ ఒక్కతే గోలు స్తంభానికి ఆనుకుని మోకాలి పట్టీ విప్పుకుంటోంది. ఈ ఫైనల్‌తో ఆట మానేస్తోందని అప్పటికే పేపర్లలో వచ్చింది. దగ్గరనుంచి చూస్తే ఫొటోల్లోకన్నా పొడుగు. నేను నోరు తెరవకముందే, "సంతకాలు పెట్టను," అంది.

"సంతకం కోసం కాదక్కా. మీరు ఇదివరకు పెట్టిందే తెచ్చాను," అని గ్లౌజు చాపాను.

ఆవిడ చేతిలో పట్టీ జారిపోయింది. గ్లౌజు తీసుకుంది. అందులో చెయ్యి దూర్చింది. చిటికెన వేలు లోపల ఏదో తడిమింది.

"నా చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని లోపల దూది కుక్కి కుట్టుకున్నాను. ఇదుగో, ఇంకా అలాగే ఉంది," అంది. ఆవిడ కళ్ళు మెరిశాయి. అంతలోనే బొటనవేలు చూసుకుని మొహం చిట్లించింది. "ఇక్కడ చిరిగి ఉండాలే! చిరుగేది?"

"మా అమ్మ కుట్టేసింది."

"ఎందుకు?"

"నాన్న ఎడమ బల్ల మీద పెట్టాడని."

అంతా చెప్పాను. బస్సు, డ్రైవరు నడుం, బల్లలు, భూతద్దం, మేనల్లుడు, అన్నీ. ఆవిడ ఆ తడిగడ్డి మీదే కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మామయ్య దూరం నుంచి, ఈ పిల్ల ఏం చేసిందో అని తొంగిచూశాడు.

నవ్వు ఆగాక ఆవిడ గ్లౌజుతోనే పిడికిలి బిగించింది, విప్పింది. మళ్ళీ బిగించింది.

"మీ నాన్నకి చెప్పు. నేను వచ్చి ఇది నాదేనని మీ ప్రెసిడెంటుతో చెబుతాను. బీరువాలో పెట్టుకోండి. ఆ మాటకి తిరుగులేదు."

నేను ఎగిరి గంతెయ్యబోయాను.

"ఆగు. ఇంకో మాట కూడా అడుగు," అంది. "కుడిచేతిది నా దగ్గరే దాచుకున్నాను. ఈ జత పోయాక ఏ గ్లౌజు వేసుకున్నా వేరేవాళ్ళ చేతులతో ఆడుతున్నట్టే ఉంది. ఇది నా ఆఖరి ఆట. ఆ ఒక్క ఆటకి ఇది ఇస్తారా? ముందే చెబుతున్నాను, వాన పడుతుంది, బురద. పాత సిరా నిలవదు. సంతకం పోతుంది. ఇవ్వలేమంటే నేనేమీ అనుకోను, బీరువా మాట బీరువాదే."

ఆవిడ తిరిగిచ్చిన గ్లౌజు పట్టుకుని ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. దారంతా పరుగే. కొట్లోకి వచ్చిపడి, "ఆవిడదేనట నాన్నా! వచ్చి చెబుతుందట!" అన్నాను. నాన్న చేతిలోది కింద పెట్టేసి అమ్మ వైపు తిరిగాడు. "విన్నావా? విన్నావా ఏమే?" అంటూ అన్ని రోజుల తర్వాత నవ్వాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ నవ్వు అలాగే ఉండనిచ్చి, రెండో మాట మింగేద్దామా అనిపించింది. మింగలేకపోయాను. చెప్పేశాను.

నాన్న నవ్వు మెల్లగా ఆగింది. గ్లౌజు తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. చేతి వెనకనున్న ఆ వాలు గీతల మీద వేలు ఆనించకుండా, పైపైన తిప్పాడు. ఆ సంతకం ఉంటే హాల్లో పేరుంటుంది, స్టేడియం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. వెనక వరసలో కూర్చున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? నేను అమ్మ వైపు చూశాను.

"మీ ఇష్టమండీ," అంది అమ్మ. "ఈసారి నేను వేలు పెట్టను."

నాన్న గ్లౌజు అరచేతిని వంచి చూశాడు. తోలు బిర్రుగా ఉంది. ఇన్నేళ్ళు బస్సు అద్దం దగ్గర ఎండకి ఎండింది మరి. రెండోసారి వంచాడు. మొహం చిట్లించాడు.

"తోలు బిగుసుకుపోయింది. ఇలాగే వేసుకుంటే బంతి జారిపోతుంది," అన్నాడు. "ఆ నూనె సీసా ఇలా అందుకోవే."

నేను కదిలేలోపే అమ్మ సీసా తీసి, మూత విప్పి ఆయన చేతి పక్కన పెట్టింది. నాన్న తోలుకి నూనె రాస్తూ కూర్చున్నాడు, మెత్తబడేదాకా. మర్నాడు సంఘానికి వెళ్ళి, తన గ్లౌజు పోటీలో లేదని చెప్పి వచ్చేశాడు. బీరువాలోకి ఎవరిదో సంతకాల బంతి వెళ్ళింది. అలాంటి బంతులు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. ఈ మాట నాన్న అనలేదు, నేనే అంటున్నాను.

ఫైనల్ రోజు ఆవిడ చెప్పినట్టే వాన. స్టేడియం కిటకిటలాడిపోతోంది. అమ్మ జన్మలో మ్యాచి చూడలేదు. ఆ రోజు మాత్రం కొట్టు మూసి, అందరికన్నా ముందు తయారై కూర్చుంది. ఏ జట్టు మనదో కూడా అడగలేదు. గోడ మైదానంలోకి వచ్చి, నీలం గ్లౌజులు రెండూ తొడుక్కున్న చేతులు పైకెత్తగానే జనం వెర్రెత్తిపోయారు. నాన్న గొంతు పోయేలా అరిచాడు. అమ్మ మాత్రం ముందుకు వంగి, ఆ ఎడమచెయ్యి మీంచి చూపు తిప్పలేదు.

"అయ్యో, ఆ చెయ్యి ఎందుకలా నేలకేసి కొడుతుంది?" "అబ్బ, అంత గట్టిగా పట్టుకోవాలా?" ఆట సాగినంతసేపూ ఇదే గొణుగుడు. పక్కవాళ్ళు బంతిని చూస్తున్నారు. మా అమ్మ పోగులు చూస్తోంది.

ఆఖర్లో మనం ఒక గోలు ముందున్నాం. అవతలి జట్టు అంతా ఇటే వచ్చిపడింది. గుంపులోంచి ఎవరో తన్నారు. బంతి గోలు పై మూలకి దూసుకుపోతోంది. గోడ గాల్లోకి లేచింది. ఒళ్ళంతా ఎడమ పక్కకి సాచింది. బంతి ఆ ఎడమచేతికి, సరిగ్గా బొటనవేలి మొదట్లో తగిలి, స్తంభం అవతలికి ఎగిరిపోయింది. ఆవిడ బురదలో పడి, దొర్లి, లేచి ఆ చెయ్యి పైకెత్తింది.

స్టేడియం దద్దరిల్లింది. "గోడ! గోడ! గోడ!" అని ఊరు ఊరంతా ఒకటే గొంతు. ఆ హోరులో మా అమ్మ బెంచీ ఎక్కి నిలబడి, రెండు చేతులూ ఎత్తి అరుస్తోంది.

"చిరగలేదు! ఏమండీ, చిరగలేదు! పోగు కూడా ఊడలేదు!"

"మనం గెలిచామే!" అని నాన్న అరిచాడు.

"గెలిస్తే గెలిచారు లెండి, కుట్టు చూడండి మీరు!"

నాన్న కుట్టు చూడలేదు, మైదానమూ చూడలేదు. వానలో తడుస్తూ, బెంచీ మీద గంతులేస్తున్న అమ్మనే చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్ళల్లో ఉన్నది వాననీళ్ళు కాదని నేను ఒట్టేసి చెబుతాను.

కొన్నాళ్ళకి గోడ మా కొట్టుకి వచ్చింది. వీధిలో జనం పోగయ్యారు. ఉతికి ఆరేసిన ఎడమచేతి గ్లౌజు సంచిలోంచి తీసి నాన్నకి ఇచ్చింది. చేతి వెనక గుడ్డ తెల్లబారింది. సంతకం ఉన్నచోట చిన్న గీత కూడా మిగల్లేదు.

"మాట ప్రకారం తెచ్చాను," అంది. ఆ తర్వాత జేబులోంచి తనే పెన్ను తీసింది. మేం ముగ్గురం నోళ్ళు వెళ్ళబెట్టాం. "ఇంకోటి పెడతాను. ఈసారి చేతి వెనక కాదు. పిన్నిగారూ, మీరు అల్లినచోటు చూపించండి. సరిగ్గా దాని పక్కన పెడతాను."

అమ్మ గ్లౌజు తీసుకుంది. బొటనవేలి దగ్గర పట్టుకుని చూసింది. కాస్త పక్కకి జరిపి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. లోపలికి తిరగేసి, గోటితో తడిమింది. గుమ్మంలో వెలుతురుకి తీసుకెళ్ళింది. మేం ఎదురుచూస్తున్నాం. అమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఇక్కడే ఎక్కడో ఉండాలమ్మా," అంది సిగ్గుపడుతూ. "నాకే దొరకడం లేదు."

ముందు నవ్వింది నాన్న. తర్వాత ఎవరు ఎవర్ని మించి నవ్వారో చెప్పలేను. గోడ నవ్వుతూనే పెన్ను మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. నాన్న ఆపలేదు.

ఇప్పుడు ముందుగదిలో టోపీని లేపేసి, ఆ కుర్చీలో గ్లౌజు పెట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు అన్నిటి మీదా సంతకాలు చూసుకుంటూ వచ్చి దాని దగ్గర ఆగుతారు. అటు తిప్పి, ఇటు తిప్పి, దీనిమీద సంతకం ఎక్కడండీ అని అడుగుతారు. నాన్న అమ్మ వైపు ఓరగా చూసి, "ఉంది, వెతుక్కోండి," అంటాడు. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.